సుట్టైనా సలానా

ఆ ఉదయం శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో హెడ్ కానిస్టేబుల్ జగన్నాధం పదకొండు మందిని ఆపాడు. పదకొండు మందికీ హెల్మెట్ లేదు. పదకొండు మందినీ వదిలేశాడు.

పన్నెండో బండిని ఆపినప్పుడు, కొత్త ఎస్సై ధనరాజ్ రోడ్డు పక్కన జీపులో కూర్చుని అంతా చూస్తున్నాడన్న సంగతి అతనికి తెలియదు.

"ఎల్మెట్టు ఏదీ?" అన్నాడు జగన్నాధం, గొంతు వీలైనంత కరుకుగా చేసుకుని.

బండి మీది పెద్దమనిషి ఏమాత్రం తొణకలేదు. "అది సరేగాని, మీదే ఊరు బాబూ?"

"నరసన్నపేట దగ్గర. ఎల్మెట్టు ఏదంటే..."

"నరసన్నపేట దగ్గరంటే ఏటి? అమ్మగారిది కూడా అక్కడేనా?"

"అమ్మది ముఖలింగం."

"ఓలమ్మో! మా తోడల్లుడి మేనత్తని ఇచ్చింది ముఖలింగమే! అయితే నువ్వు నాకు బావ వరస అయిపోతావు కదేటి!"

చలానా మిషన్ పట్టుకున్న జగన్నాధం చెయ్యి దానంతట అదే కిందికి దిగిపోయింది. ఇది అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎదుటివాడు సుట్టమని తేలాక చలానా రాయడమంటే, భోజనానికి పిలిచి విస్తరి లాగేసినట్టు ఉంటుంది అతనికి. ఆ జిల్లాలో ఏ ఇద్దర్ని నిలబెట్టి రెండు నిమిషాలు మాట్లాడనిచ్చినా సుట్టరికం తేలుతుంది.

"సర్లే బావా, బేగి ఎల్లు. రేపు పెట్టుకో."

బండి వెళ్లింది. జీపు తలుపు తెరుచుకుంది.

"ఏందయ్యా జగన్నాధం," అన్నాడు ధనరాజ్. ఆయనది గుంటూరు వైపు. వచ్చి పది రోజులైంది. "పన్నెండు మందినీ వదిలేశావు. పన్నెండు మందీ నీ చుట్టాలేనా?"

"అంటే సార్... ఒక్క సంవత్సరం ఉంటే మీకూ అయిపోతారు సార్."

ధనరాజ్ నవ్వలేదు. "పోయిన నెల కళింగపట్నం రోడ్డులో లక్ష్మణమ్మ అని ఒక చేపలావిడ బండి వెనక నుంచి పడింది. తలకి తొమ్మిది కుట్లు. ఆవిడ కూడా నీకు అత్తో పిన్నో అయ్యుంటుంది, ఔనా?"

"పిన్ని వరస సార్."

"ఆవిణ్ణి నువ్వు వదిలేసింది ఎన్నిసార్లు?"

జగన్నాధం వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

"పదిహేను రోజులు టైమిస్తున్నా. పొద్దున ఏడింటికి సముద్రం వైపు నుంచి ఆ చేపల బళ్లు వస్తాయే, ముప్ఫై మంది ఆడవాళ్లు. మొగుళ్లు హెల్మెట్ పెట్టుకుంటున్నారు, వెనక కూర్చున్న వీళ్లు ఉత్తి తలలతో వస్తున్నారని రిపోర్టు. నాకు ఆ ముప్ఫై తలలూ హెల్మెట్లతో కావాలి. లేదా నువ్వు యార్డుకి పోతావు."

యార్డు!

యార్డంటే ఊరి బయట, సీజు చేసిన బళ్లను పడేసే చోటు. అక్కడ మూడొందల బళ్లు ఉంటాయి, ఒక్కటీ కదలదు. పదకొండేళ్లుగా ఏడు రోడ్ల మధ్య గొడుగు కింద నిలబడి, ఒక్క ఈలతో బస్సుల్ని ఆపి, ఒక్క వేలితో లారీల్ని నడిపించిన మనిషిని తీసుకెళ్లి తుప్పు పట్టిన స్కూటర్ల మధ్య కుర్చీ వేసి కూర్చోబెడతారు. ట్రాఫిక్ పోలీసుకి అంతకన్నా పెద్ద శిక్ష ఇంకోటి లేదు.

మర్నాడు ఉదయం ఏడింటికే అతను గురమ్మ బండిని ఆపాడు.

చేపల బళ్లకు నాయకురాలు గురమ్మే. అరవై రెండేళ్లు. ముందు మొగుడు ఎర్రన్న మోపెడ్ నడుపుతాడు, వెనక చేపల టబ్బు, రెంటికీ మధ్య గురమ్మ. నోట్లో చుట్ట. అందరూ తాగినట్టు కాదు, నిప్పున్న కొస లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ. సముద్రం గాలికి నిప్పు ఆరిపోకుండా వాళ్ల అమ్మమ్మలు కనిపెట్టిన పద్ధతి అది. మోపెడ్ మీద కూడా బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"అత్తా, నీకు దండం పెడతాను. ఎల్మెట్టు పెట్టుకో."

గురమ్మ చుట్ట తియ్యకుండానే మాట్లాడింది. "దాంట్లో బుర్ర దూరిస్తే నాకు ఊపిరాడదురా అల్లుడా. అయినా నానేటి పడిపోతానా? అరవై రెండేళ్లు బతికినాను, ఎప్పుడైనా పడినానేటి?"

"లక్ష్మణమ్మ పిన్ని పడింది కదా!"

"అదా? అది మంచం మీంచి కూడా పడతాది. దాని లెక్క ఏరు. పోనీరా మావా, సేపలు పాడైపోతాయి!"

ఎర్రన్నను ఆమె 'మావా' అంటుంది. ఎర్రన్న ఏమీ అనడు. ముప్ఫై ఏళ్లుగా అతని పని బండి తోలడమే.

సంగతి విన్న ధనరాజ్ ఒక పథకం వేశాడు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి జగన్నాధానికిచ్చాడు. "ఇది నీ గొంతుతో రికార్డు చెయ్యి. నీ చుట్టాలకి నీ నోటితోనే తెలియాలి. ఆటోకి మైకు కట్టి మూడు రోజులు సముద్రం ఒడ్డు ఊళ్లన్నీ తిప్పించు."

జగన్నాధం గొంతు సవరించుకుని రికార్డు చేశాడు. "హెల్మెట్ లేకుండా బండి మీద కనిపిస్తే ఎవలైనా సరే, సుట్టమైనా సరే, సలానా!"

"చలానా అనవయ్యా."

"సలానా అనే కదా సార్ అన్నాను."

ధనరాజ్ వదిలేశాడు.

ఆటో వెంకీది. అతని మైకు సెట్టు పెళ్లిళ్లకీ, చావులకీ, ఎన్నికలకీ ఒక్కటే. అది మూడు రోజులు ఒడ్డు వెంబడి తిరిగింది. సముద్రం హోరుతో పోటీపడి అరిచింది.

నాలుగో రోజు ఉదయం ఏడింటికి జగన్నాధం గొడుగు కింద నిలబడి కళ్లు నులుముకున్నాడు.

కళింగపట్నం రోడ్డు మీంచి మోపెడ్లు వస్తున్నాయి. ఒకటి, రెండు, పది, ముప్ఫై. ప్రతి మొగుడి వెనకా ఒక నల్లటి గుండ్రటి తల. మూతిదాకా మూసేసే పెద్ద హెల్మెట్లు, అద్దాలు కిందికి దించి మరీ! ఇంట్లో కొడుకులవీ అల్లుళ్లవీ ఎక్కడెక్కడి హెల్మెట్లూ బయటికొచ్చాయి. ఒకావిడ హెల్మెట్ మీద ఎర్రటి మంట బొమ్మలు, ఇంకొకావిడ హెల్మెట్ మీద పుర్రె బొమ్మ. అందరికన్నా ముందు గురమ్మ. అద్దం లోంచి చూసి తల ఊపింది. ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది.

గురమ్మ మాట్లాడకుండా వెళ్లడం అదే మొదటిసారి. జగన్నాధం ఆ సంతోషంలో అది పట్టించుకోలేదు. అక్కడే అతను తప్పులో కాలేశాడు.

వారం తిరిగేసరికి కబురు పైకి పాకింది. ధనరాజ్ ఫోటోలు తీయించి పంపాడు. చేపలమ్మే ఆడవాళ్లందరూ ఎవరూ ఆపకుండానే హెల్మెట్లు పెట్టుకుంటున్నారంటే ఎస్పీ మేడమ్ నమ్మలేకపోయింది. శుక్రవారం ఉదయం తనే స్వయంగా కూడలికి వచ్చి గురమ్మకు శాలువా కప్పుతానంది. విలేకర్లు కూడా వస్తారట.

"యార్డు సంగతి మర్చిపో," అన్నాడు ధనరాజ్, అతని భుజం తట్టి.

గురువారం ఉదయం గాలి లేదు. మోపెడ్లు వచ్చి రోడ్డు మీది తెల్ల గీత దగ్గర ఆగాయి. బస్సుకి దారిస్తూ జగన్నాధం యథాలాపంగా అటు చూశాడు.

గురమ్మ హెల్మెట్ గడ్డం కింది నుంచి సన్నగా పొగ వస్తోంది.

అతను బస్సుని వదిలేసి పరిగెత్తాడు. "అత్తా! నీ బుర్ర లోంచి పొగ వస్తన్నాదే!"

గురమ్మ అద్దం పైకెత్తింది. లోపల్నుంచి పొగమబ్బు ఒకటి బయటపడి జగన్నాధం మొహానికి తగిలింది. మబ్బు వెనక రెండు ఎర్రటి కళ్లు, వాటి కింద చుట్ట.

"మెల్లగా మాటాడరా! అందరూ ఇంటారు!" అంది గురమ్మ, చుట్టూ చూస్తూ. "ఇదంతా నీ వల్లే కదేటి. మైకులో నువ్వే కదా సెప్పినావు?"

"ఏటి సెప్పినాను?"

"బండి మీద సుట్టైనా సరే, సలానా అని!"

జగన్నాధానికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది.

వెంకీ ఆటో పక్కనే ఉంది. వెళ్లి మైకు పెట్టించాడు. పెళ్లిళ్లలో అరిచి అరిచి అరిగిపోయిన ఆ మైకు 'సుట్ట' దాకా బాగానే పలికింది. ఆ తర్వాతి 'మ' దగ్గర 'కీచ్' మంది. మళ్లీ పెట్టించాడు. మళ్లీ 'కీచ్'. "సుట్ట... ఐనా సరే, సలానా!"

"ఒరే వెంకీ! ఇందులో 'మ' ఏదిరా?"

"ఏ మ మావా?" అన్నాడు వెంకీ.

జగన్నాధం గురమ్మ దగ్గరికి తిరిగొచ్చాడు. "మొదట్లో ఎల్మెట్టు అన్నాను కదత్తా? అది ఇనబడలేదా?"

"అది ఎన్నేళ్లనుంచో సెప్తన్నారు కదరా. అదెవులు ఇంటారు? కొత్తగా సెప్పింది సుట్ట గురించి, అదే ఇన్నాం. సుట్ట లేకుండా అంత దూరం ఎలగొస్తాం? పక్కింటి కోటమ్మ మనవడి ఎల్మెట్టు టోపీ పెట్టుకుని సూసినాను. అద్దం మూస్తే లోపలేటున్నాదో పైవోడిక్కూడా తెల్దు! అందరికీ సెప్పినాను."

"నిప్పు కదత్తా! టోపీ లోపల కాలిపోదేటి?"

గురమ్మ అతన్ని జాలిగా చూసింది. "నిప్పు టోపీలో ఎక్కడున్నాదిరా ఎర్రోడా. నోట్లో ఉన్నాది."

జగన్నాధం నోరు తెరిచాడు. 'అత్తా, బండి మీద సుట్ట తాగితే చలానా లేనే లేదు' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే రేపు ఒక్క హెల్మెట్ కూడా ఉండదు. శాలువా పట్టుకుని ఎస్పీ మేడమ్ నిలబడుతుంది, ఎదురుగా ముప్ఫై ఉత్తి తలలు. ఆ పైన యార్డు.

నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి, "రేపొక్క రోజు సుట్ట ఎలిగించకుండా రా అత్తా" అన్నాడు.

"నువ్వు రేపొక్క రోజు అన్నం మానీ. నాను సుట్ట మానీస్తాను. పోనీరా మావా!"

శుక్రవారం కూడలిలో షామియానా వేశారు. కుర్చీల్లో ఎస్పీ మేడమ్, ధనరాజ్, కొందరు పెద్దలు. ముందు విలేకర్లు. జగన్నాధం ఒక పక్కన చేతులు కట్టుకుని దేవుడికి మొక్కుకుంటున్నాడు. కనీసం గాలి వీచేలా చూడమని అడిగాడు.

గాలి వీచలేదు.

వెంకీ ఆటో ముందు, వెనక ముప్ఫై మోపెడ్లు వచ్చి వరసగా ఆగాయి. నడిచినంతసేపూ పొగ వెనక్కి పోయింది గాని, ఆగేసరికి నిలువుగా లేవడం మొదలెట్టింది. ముప్ఫై హెల్మెట్ల సందుల్లోంచి ముప్ఫై పొగలు. ఇటుకబట్టీల వీధిలా ఉంది.

"ఆ పొగేంటి?" అంది ఎస్పీ మేడమ్.

"మంచు మేడమ్," అన్నాడు జగన్నాధం.

"ఏప్రిల్లోనా?"

"సముద్రం మంచు మేడమ్. దానికి నెలల్తో పనిలేదు."

ఎస్పీ మేడమ్ ఇంకేదో అడగబోయింది. అప్పటికే ధనరాజ్ లేచాడు. ఆయన ఏ రోజూ తొమ్మిదికి ముందు కూడలికి రాలేదు. చుట్టని అడ్డంగా తాగడమనేది ఒకటి ఉందని ఆయనకు తెలియనే తెలియదు. ఆయనకు కనిపించింది ఒక్కటే. ముప్ఫై మంది ఆడవాళ్ల తలలు తగలబడుతున్నాయి.

"ఫైర్! ఫైర్!"

ఒక్క గంతులో జీపు దగ్గరికి వెళ్లాడు. మంటలార్పే ఎర్ర సిలిండర్ లాగాడు. జగన్నాధం "సార్, వొద్దు సార్!" అంటూ అడ్డం పరిగెత్తాడు గాని ఆలస్యమైపోయింది. బుస్సుమంటూ తెల్లటి పొడి లేచి గురమ్మని, ఎర్రన్నని, చేపల టబ్బునీ కప్పేసింది.

ముప్ఫై ఏళ్లుగా ఏమీ అనని ఎర్రన్న ఆ రోజు "ఓలమ్మో!" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, భయంతో పిడి మెలితిప్పేశాడు. మోపెడ్ కప్పలా గెంతింది. చేపల టబ్బు ఒక పక్కకి, గురమ్మ ఇంకో పక్కకి ఎగిరారు. ఆమె తల డివైడర్ సిమెంటు అంచుకి కొట్టుకున్న చప్పుడు షామియానా చివరిదాకా వినిపించింది.

జగన్నాధం పరిగెత్తాడు. ఆ పది అడుగుల్లో అతనికి యార్డు గుర్తు రాలేదు. నిన్న మింగేసిన మాట ఒక్కటే గుర్తొచ్చింది. ఆమె పక్కన మోకాళ్ల మీద పడ్డాడు. "అత్తా! అత్తా!" అద్దం పైకెత్తాడు.

లోపల్నుంచి పొగ వచ్చింది.

"ఎవుడ్రా," అంది గురమ్మ, "నా మీద పిండి పోసినోడు?"

లేచి కూర్చుంది. చుట్ట ఇంకా కాలుతూనే ఉంది. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పగులు. గురమ్మ ఆ పగులు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. తర్వాత అదే వేలిని తన తల మీద, అదే చోట, అలాగే నడిపింది.

ఎస్పీ మేడమ్ స్వయంగా వచ్చి ఆమె పక్కన వంగింది. "దెబ్బ తగల్లేదు కదమ్మా? హెల్మెట్ లేకపోతే ఏమయ్యేది! అసలు మీకు పెట్టుకోవాలని ఎలా అనిపించిందమ్మా?"

విలేకర్లు ముందుకు జరిగారు. గురమ్మ జగన్నాధం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏటి సెప్పమంటావురా అల్లుడా? నువ్వేది సెప్పమంటే అది సెప్తాను."

జగన్నాధం ఆమె ఒళ్లో ఉన్న పగులు చూశాడు. లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"మేడమ్, ఆవిడ ఎల్మెట్టు తల కోసం పెట్టుకోలేదు. సుట్ట కోసం పెట్టుకుంది. బండి మీద సుట్ట తాగితే సలానా అని వీళ్లనుకున్నారు. మైకులో నా గొంతే అలా ఇనబడింది. నాకు నిన్ననే తెలిసింది. తెలిసి కూడా నోరు మూసుకున్నాను." ముప్ఫై మోపెడ్ల వైపు తిరిగాడు. "అమ్మా, అత్తలూ, పిన్నులూ! బండి మీద సుట్టకి మా ట్రాఫిక్ పుస్తకంలో సలానా లేదు. ఎప్పుడూ లేదు!"

టప్ టప్ టప్ మని అద్దాలన్నీ పైకి లేచాయి.

"ఏటీ? లేదా?"

"వారం రోజులు మా పొగ మేమే మింగినాం కదరా!"

"నా కళ్లు సూడు, మిరపకాయల్లాగ ఎలగున్నాయో!"

"దిగండే, దిగండి! వీడి టోపీ వీడికే పెట్టీండి!"

హెల్మెట్లు ఒక్కొక్కటిగా తలల మీంచి దిగాయి. కొన్ని జగన్నాధం కాళ్ల దగ్గరికి దొర్లాయి. పుర్రె బొమ్మది అతని బూటుకి తగిలి ఆగింది. ఆడవాళ్లు తిట్లు లంకించుకుని బజారు వైపు కదిలారు. గురమ్మ కూడా పగిలిన హెల్మెట్ చంకలో పెట్టుకుని బండెక్కింది.

ధనరాజ్ మొహం కందగడ్డలా ఉంది. "మేడమ్, వీణ్ణి ఈ రోజే యార్డుకి..."

"రేపు," అంది ఎస్పీ మేడమ్. "రేపు ఏడింటికి మళ్లీ వస్తాను. చలానా భయం లేదని వాళ్లకిప్పుడు తెలుసు. అయినా సగం మంది హెల్మెట్‌తో వస్తే ఈయన ఇక్కడే ఉంటాడు. లేకపోతే మీ ఇష్టం." రెండడుగులు వేసి ఆగింది. "ధనరాజ్, ఆ చేపలన్నీ మీరే కొనండి. పొడి మీరు పోసిందే కదా."

శనివారం ఏడైంది. కళింగపట్నం రోడ్డు మీద ఒక పాలబండి, రెండు ఆవులు.

ఏడుంపావు. ఏమీ లేదు.

"యార్డులో నీడ ఉండదయ్యా," అన్నాడు ధనరాజ్. "గొడుగు పట్టుకెళ్లు."

ఎస్పీ మేడమ్ గడియారం చూసుకుంది. జగన్నాధం ఈలని మెళ్లోంచి తియ్యబోయాడు.

అప్పుడు వినిపించింది మోపెడ్ల చప్పుడు.

ముందు గురమ్మ. తల మీద పసుపు పూసిన కొత్త హెల్మెట్. బండి ముందు, దీపానికి పైన, పగిలిన పాతది తాడుతో కట్టి ఉంది. నిన్న సాయంత్రం ఆమె దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగిందని జగన్నాధానికి తర్వాత తెలిసింది. ప్రతి గుమ్మంలోనూ పగులు చూపించి ఒక్కటే అడిగిందట: "ఇది నా బుర్రయితేనో?"

ఆమె వెనక మిగతా బళ్లన్నీ వచ్చాయి. తలలన్నీ హెల్మెట్లలో ఉన్నాయి. కాకపోతే ఏ హెల్మెట్‌కీ అద్దం లేదు. మరలు విప్పి పీకేశారు. ఖాళీ చోట్లోంచి ముప్ఫై చుట్టలు దర్జాగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

ధనరాజ్ జేబులోంచి పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. "అద్దం లేకపోతే దీనికి ఏదో సెక్షన్..."

"వెతక్కండి," అంది ఎస్పీ మేడమ్.

జగన్నాధం గుండెల నిండా గాలి పీల్చి ఈల ఊదాడు. ఆరు రోడ్లు ఆగిపోయాయి. ఏడో రోడ్డుకి చెయ్యి ఊపాడు.

గురమ్మ బండి సరిగ్గా కూడలి మధ్యకి వచ్చి ఆగింది. "అల్లుడా, ఆరిపోయింది. అగ్గిపెట్టి ఉన్నాదేటి?"

వెనక బస్సు హారన్ కొట్టింది. లారీ కొట్టింది. జగన్నాధం జేబులో చెయ్యి పెట్టాడు. అగ్గిపెట్టె తియ్యలేదు. చలానా మిషన్ తీశాడు.

"కూడలి మధ్యలో బండి ఆపితే సలానా అత్తా."

"ఏటీ? అత్తకి కూడానా?"

"అత్తకి కూడా."

ఈసారి చెయ్యి కిందికి దిగలేదు, బండి నంబరు చివరిదాకా నొక్కాడు. గురమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"రాసుకో, బాగా రాసుకో," అంది. "ఈ రోజు నుంచి మీ ఇంటికి అన్నీ ముళ్ల సేపలే వస్తాయి. పోనీరా మావా!"